నలభై మూడు సూచనలు

ఆనాటి అత్యవసర సమావేశానికి హాజరైనవారు, గదిలోకి వచ్చిన క్రమంలో: మొదట నేను, సంఘం కార్యదర్శిని, నిర్ణీత సమయానికి పన్నెండు నిమిషాల ముందు. నా వెనుక ల్యాప్‌టాప్ పట్టుకుని మా కోడలు. తరువాత లిఫ్టు మెకానిక్. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా గోడవారన నిలబడ్డాడు. తరువాత నాలుగో అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చిన ఇన్సూరెన్సు ఉద్యోగి. ఈయనను భవనమంతా 'ఓకేగారు' అంటుంది, కారణం చెబుతాను. తరువాత చక్రాల కుర్చీలో, కట్టు వేసిన కాలు ముందుకు చాచుకుని, పాటల టీచరుగారు. ఆ కుర్చీని తోస్తూ, ప్రమాదం తరువాత కింది అంతస్తులోని తన ఇంట్లో ఆవిడను ఉంచుకున్న చెల్లెలు. చిట్టచివర, పది నిమిషాలు ఆలస్యంగా, ఎవరికీ క్షమాపణ చెప్పకుండా, మా సంఘం అధ్యక్షుడైన పళ్ళ డాక్టరు.

ఈ వరుస రాయడం నాకు ముప్పై నాలుగేళ్ళ అలవాటు. ఒక విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారు కార్యాలయంలో పనిచేసి, పాలకమండలి సమావేశాల వృత్తాంతాలను, అంటే ఇప్పటివాళ్ళు మినిట్స్ అనేవాటిని, నా చేతిమీదుగా వెలువరించినవాణ్ణి. చదివింది ఆంగ్లంలో, ఉద్యోగం చేసింది ఆంగ్లంలో. అయినా తెలుగులో ఒక వాక్యం నిటారుగా నిలబడకపోతే నాకు ఆ పూట భోజనం సహించదు.

విషయం ఇది. సమావేశానికి పద్దెనిమిది రోజుల ముందు మా భవనం లిఫ్టు రెండో అంతస్తు దాటి దిగుతూ, ఉన్నట్టుండి జారి, అడుగున కూలింది. లోపల పాటల టీచరుగారు ఒక్కరే ఉన్నారు. కుడికాలు రెండుచోట్ల విరిగింది. తనిఖీ అధికారి వచ్చి, తెగిన ఇనుప తాడును వేళ్ళతో తడిమి చూసి, ఒకే ప్రశ్న వేశాడు: తాడు పాడైందని మెకానిక్ ముందుగా హెచ్చరించాడా, లేదా? హెచ్చరించి ఉంటే బాధ్యత సంఘానిది. లేకపోతే మెకానిక్ లైసెన్సు రద్దు; పందొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనిని అతను ఇక ఎక్కడా చేయడానికి వీల్లేదు. నోటిమాట చెల్లదని, అందుకు సాక్ష్యంగా అధికారి అడిగింది మా సంఘం కిందటి నెల సమావేశపు వృత్తాంతం. గడువు ఈ అత్యవసర సమావేశం నాటి సాయంత్రం ఆరు గంటలు.

అతను హెచ్చరించాడు. నేను విన్నాను. నా చేత్తో రాశాను. "తాడులో పోగులు తెగుతున్నాయి, కొత్తది వేసేవరకు లిఫ్టు ఆపాలి" అని అతను నిలబడి చెప్పిన మాటను ఏడో అంశంలో మొదటి వాక్యంగా నమోదు చేశాను. ఇప్పుడు పత్రంలో ఏడో అంశం ఉంది, ఆ వాక్యం లేదు. మెట్ల దగ్గర బల్బు మార్చే సంగతి మాత్రం భద్రంగా ఉంది.

రిజిస్టరు ఉన్న రోజుల్లో ఇటువంటి అనాచారం జరిగేది కాదు. అట్ట కట్టిన పుస్తకం, పుట పుటకూ అంకె, ఎక్కడైనా కొట్టివేత ఉంటే దాని పక్కన పొట్టి సంతకం. ఏడాదిన్నర క్రితం అధ్యక్షుడు దానికి స్వస్తి పలికాడు. "ఇంకా ఈ పుస్తకమేంటండీ, దుమ్ము తప్ప ఏముంది ఇందులో! ఎవరింట్లో వాళ్ళు కూర్చునే రాసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, అందరికీ పంపుకోవచ్చు" అని, ఒక పత్రాన్ని తెరిచి మా అందరికీ షేర్ చేశాడు.

షేర్ చేయడమంటే ఏమిటో నాకు మొదటి రోజే తెలిసింది. నేను ఒక వాక్యం టైపు చేస్తూ ఉండగా, అది ముగియకముందే, దాని నడుమ గులాబీరంగు గీత ఒకటి వచ్చి మినుకుమంటూ నిలిచింది. దాని నెత్తిన చిన్న జెండా; జెండా మీద 'నాలుగో అంతస్తు' అని పేరు. "సభ్యులందరిచే ఏకగ్రీవంగా ఆమోదించబడినది" అన్న నా మాటలు నా కళ్ళముందే ఒక్కొక్క అక్షరంగా వెనక్కి తరిగిపోయి, ఆ స్థానంలో "అందరూ ఓకే" అని వెలిసింది. నేను వండుతూ ఉండగా పక్కింటివాడు వంటింట్లోకి వచ్చి గరిటె లాక్కున్నట్టు! ఆయనకు ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు చింతించడం లేదు.

అధ్యక్షుడి పద్ధతి మరీ మర్యాదగా ఉంటుంది. ఆయన నేరుగా చెరపడు. 'సూచనలు' పెడతాడు. ఆయన వద్దన్న మాటకు అడ్డంగా ఆకుపచ్చ గీత పడుతుంది, పక్కన అంచులో ఒక డబ్బీ పుడుతుంది. కార్యదర్శి ఒప్పుకుంటే ఆ మార్పు పత్రంలో కలిసిపోతుంది. కాదంటే డబ్బీ పోతుంది. ఆయన చేయి పడిన పుట పురుగు పట్టిన ఆకులా ఉంటుంది. పన్ను పీకేవాడికి పేరా పీకడం ఒక లెక్కా?

ప్రమాదం జరిగిన మూడోనాడు మెకానిక్ మా ఇంటికి వచ్చాడు. చేతులకు గ్రీజు లేకుండా అతన్ని చూడటం నాకదే మొదటిసారి.

"అయ్యగారూ, నన్ను చీటీ అడుగుతున్నారండీ."

"ఏం చీటీ?"

"తాడు పాడైందని మా కంపెనీకి రాసిచ్చే చీటీ. నేనివ్వలేదు."

"ఎందుకివ్వలేదయ్యా? అది నీ విధి కాదా?"

"మీటింగులో చెప్పాను కదండీ. మీరు రాసుకోవడం కూడా చూశాను. అయ్యగారు రాశారంటే రాతి మీద చెక్కినట్టే, మళ్ళీ నా కోడిగీతలెందుకులే అనుకున్నాను."

ఆ మాటకు లోలోపల పొంగిపోయానని దాచను. "నిశ్చింతగా ఇంటికి వెళ్ళు. నా పుటలో ఉంది" అని అతన్ని పంపించి, పత్రం తెరిచాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మూడుసార్లు చదివాను. లేదు.

ఒళ్ళు మండిపోయింది. నా వృత్తాంతంలో నుంచి ఒక వాక్యాన్ని దొంగిలించారు! పోనీ నా చేతిరాత చూపిద్దామంటే అదీ లేదు. ఆమోదం పొందిన వృత్తాంతం ఒక్కటే ప్రమాణమనీ, ముసాయిదాలు నిలవ ఉంచితే ఒకే సభకు రెండు సత్యాలు తయారవుతాయనీ మా పాత కార్యాలయపు నియమం. ఆమోదం కాగానే నోటుబుక్కులో ఆ పుటలు చించి ముక్కలు చేయడం నాకు పళ్ళు తోముకోవడం వంటిది. ఆ ముక్కలు ఏనాడో చెత్తబండి ఎక్కాయి.

"ఈ యంత్రం దొంగలకు పుట్టినిల్లు!" అని అరిచాను.

"అవును, తప్పులన్నీ యంత్రాలవే. ఈ ఇంట్లో మనుషులు తప్పు చేసి చాలా ఏళ్ళయింది," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

మా కోడలు ఒక ఆస్పత్రిలో రోగుల రికార్డులు చూసే ఉద్యోగి. రోజంతా ఇటువంటి పత్రాలతోనే ఆమె పని. చెప్పులు విప్పుతూ విషయమంతా విన్నది.

"మామయ్యగారూ, ఇందులో ఎవరు ఏ పూట ఏం మార్చారో మొత్తం దాచి ఉంటుంది. చరిత్ర అని ఒక మీట ఉంది. ముందు మనింట్లో ఓసారి చూసుకుందామా?"

"ఎందుకు?"

"ఏముందో తెలిసుంటే మంచిది కదా."

"ఏముందో నాకు తెలుసు. దొంగ ఉన్నాడు. సీలు వేసిన కవరును సభలో విప్పాలి కానీ, ఇంట్లో ఆవిరి పట్టి చూసుకోకూడదు."

ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసింది. "ఎప్పుడైనా పొరపాటున చెయ్యి తగిలి..."

"ముప్పై నాలుగేళ్ళలో నా చెయ్యి దేనికీ పొరపాటున తగల్లేదు అమ్మాయ్."

"సరేనండీ," అంది.

సమావేశం పంపు గదిని ఆనుకుని ఉన్న గదిలో జరిగింది. గోడ అవతల మోటారు ఆడుతున్నంతసేపూ ప్లాస్టిక్ కుర్చీలు సన్నగా వణుకుతాయి. మా కోడలు ల్యాప్‌టాప్‌ను గోడ మీది టీవీకి తగిలించింది. నేను లేచి, గొంతు సవరించుకుని, "ఈ సంఘపు పత్రంలో దొంగతనం జరిగింది" అని ఆరంభించాను.

"అదేంటండీ, అది చెబుతూ నావైపు చూస్తారు?" అన్నాడు ఓకేగారు.

"గుమ్మడికాయల దొంగంటే మీరెందుకు భుజాలు తడుముకుంటున్నారు?"

"మీరు నా భుజాల్నే చూస్తూ మాట్లాడుతున్నారు మరి! నేను ఆ రెండక్షరాలు తప్ప ఇంకోటి టైపు చేసిన పాపాన పోలేదు."

"మీరిద్దరూ తీరిగ్గా తరవాత కొట్టుకోండి నాయనా. నా కాలు వేలాడుతోంది," అన్నారు పాటల టీచరుగారు.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "పైన ఒకావిడ నోరు తెరుచుకుని కూర్చుంది. ఐదంతస్తులు మెట్లెక్కి వచ్చింది పాపం. త్వరగా కానిచ్చేద్దాం." ఆయన క్లినిక్కు ఐదో అంతస్తులో ఉంది.

టీవీ మీద మా పత్రం వెలిగింది. కుడిపక్కన తేదీలు, వేళలు నిచ్చెనలా నిలిచాయి. ఒక్కొక్క మెట్టుకూ ఒక పేరు. మేమందరం మా హోదాలతోనే చేరాము కనుక అక్కడ కనిపించేవి కూడా అవే: కార్యదర్శి, అధ్యక్షుడు, నాలుగో అంతస్తు. మా కోడలు కిందటి నెలకు దిగింది. ఏడో అంశం. నా వాక్యం. అక్షరం పొల్లుపోలేదు.

"చూశారా!" అన్నాను. నా గొంతు గెలిచినవాడి గొంతులా ఉంది. "ఇప్పుడు తరువాతి మెట్టు."

ఆమె తరువాతి మెట్టు నొక్కింది. వాక్యానికి అడ్డంగా గీత పడి ఉంది. పక్కన: మార్చినవారు, కార్యదర్శి. ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలు.

"దొంగను పట్టుకోవడానికెళ్ళిన పోలీసు..." అని గొణిగాడు ఓకేగారు. "అబ్బే, నేనేం అనలేదు."

డాక్టరు ముఖంలో జాలి పుట్టింది. నిండు సభలో అంతకన్నా పెద్ద చెంపదెబ్బ నేను తినలేదు. "పోనీలెండి, పెద్దాయన. డెబ్భై దాటాయి. ఎవరూ ఏమీ అనకండి. అలాంటి మాట ఎవరూ అనలేదని తర్వాత గుర్తొచ్చి ఆయనే తీసేసుంటారు. ఉన్నది ఉన్నట్టు ఆఫీసరుకి పంపించేద్దాం."

గోడవారనుంచి మెకానిక్ ఒకే మాట అడిగాడు. "అయ్యగారూ, మీరే తీసేశారాండీ?"

అప్పుడు నాకు ఆ ఉదయం గుర్తుకు వచ్చింది.

వృత్తాంతం రాసి పంపిన మర్నాడు పత్రం తెరిస్తే, అంచున నలభై మూడు డబ్బీలు బారులు తీరి ఉన్నాయి. అన్నీ అధ్యక్షుడివి. మొదటి ఆరు చదివాను. ఒకటి కామా. ఒకటి చుక్క. ఒకటి నా పేరా మొదట్లో ఉన్న ఖాళీని తగ్గించమని. ఒకటి తన హోదాకు ముందు 'గౌరవ' అని చేర్చమని. ఒక్క సమావేశానికైనా వేళకు రాని మనిషి నా కామాలు దిద్దుతాడా! ఏడోది చదవడానికి నా ఆత్మాభిమానం ఒప్పుకోలేదు. సభాధ్యక్షుడి సవరణను కార్యదర్శి వాదించకుండా స్వీకరించాలన్నది మేము కార్యాలయంలో పాటించిన సంప్రదాయం. అది చదివి స్వీకరించే సంప్రదాయం. ఆ ఉదయం నేను చదివే సగాన్ని వదిలేసి, స్వీకరించే సగాన్ని పట్టుకున్నాను. డబ్బీల పైన 'అన్నీ ఆమోదించు' అన్న మీట ఉంది. నొక్కాను. ఆకుపచ్చ పురుగులన్నీ ఒక్కసారిగా రాలిపోయి, పుట ఉతికి ఆరవేసిన పంచెలా తెల్లగా మిగిలింది. మచ్చలేని పుట. తృప్తిగా కాఫీ తాగి, చేతిరాత పుటలు చించేశాను.

ఇది నా మొదటి తప్పు. రెండోది దానికన్నా నీచమైనది, దాన్ని ఆ గదిలోనే, అందరి ముందూ చేశాను. మెకానిక్ అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పకుండా, కోడలివైపు తిరిగి, "మూసెయ్యి అమ్మాయ్" అన్నాను.

ఆమె మూయలేదు. "ఇంకొకటి చూడాలండీ."

"మూసెయ్యమన్నానా? ఇంటి పరువు..."

"అక్కడ ఆయన బతుకు పోతోంది మామయ్యగారూ." నావైపు చూడకుండానే అంది. ఆమె వేలు ఇంకో మీట నొక్కింది.

పాత డబ్బీలన్నీ మళ్ళీ లేచి వచ్చాయి. చచ్చాయనుకున్నవి చావవన్నమాట, ఎక్కడో పడుకుని ఉంటాయి. ఆమె ఇరవై తొమ్మిదోదాని దగ్గర ఆగింది. నా వాక్యం, దాని మీద ఆకుపచ్చ గీత. తొలగించాలని సూచించినవారు: అధ్యక్షుడు. కింద ఆయన రాసుకున్న కారణం రెండే మాటలు: అనవసర భయం. ఆ కింద: ఆమోదించినవారు, కార్యదర్శి.

"మొత్తం నలభై మూడు సూచనలండీ," అంది మా కోడలు సభవైపు తిరిగి, ఆస్పత్రిలో రిపోర్టు చదివే గొంతుతో. "నలభై రెండు కామాలూ చుక్కలూ ఇలాంటివే. వాక్యం తీసెయ్యమన్నది ఇదొక్కటే. నలభై మూడూ ఏడూ పన్నెండుకే ఒప్పుకున్నారు మా మామయ్యగారు. అంటే చదవలేదు."

అంటే చదవలేదు. నా జీవితంలో నన్ను ఎవరూ అనని మాట. నా ఉప్పు పులుసు చూసే ఇంటి పిల్ల, పరాయివాళ్ళ ముందు అన్నది. ఆ క్షణాన ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇంత అని చెప్పలేను.

డాక్టరు లేచాడు. జాలి ఎటుపోయిందో పోయింది. "నేను సూచించానంతే! ఒప్పుకున్నది ఆయన. సూచించడం నేరమా?"

"నా కాలు విరగడం కూడా సూచనే అనుకోమంటారా డాక్టరుగారూ?" అన్నారు టీచరుగారు.

"అది కాదమ్మా. అతను ప్రతి చిన్నదానికీ లిఫ్టు ఆపమంటాడు. ఆపేస్తే పళ్ళనొప్పితో వచ్చే ముసలాళ్ళు ఐదో అంతస్తుకి ఎలా ఎక్కుతారు చెప్పండి?"

"ఇప్పుడెక్కుతున్నట్టే," అన్నాడు ఓకేగారు. ఏడాదిన్నరలో ఆయన అన్న మొదటి సరైన మాట అది.

డాక్టరు నావైపు వేలు చూపించాడు. "ఇది పంపిస్తే నాతోపాటు మీరూ పోతారు. ఆలోచించుకోండి. పెద్దవారు, పేరున్నవారు."

నేను లేచి నిలబడ్డాను. ఈ మనిషి మీద అరవడానికి నా దగ్గర ఆ పూట చాలా సరంజామా ఉంది. అరవబోతే ఒక్క మాట అడ్డం పడింది. ఇతను దొంగ, సందేహం లేదు. కానీ తాళంచెవి అతని చేతిలో పెట్టిన కాపలాదారు ఎవరు? వాక్యం పోయినందుకు నాలుగో అంతస్తును అనుమానించాను, యంత్రాన్ని తిట్టాను, చివరికి చరిత్ర చూపించిన పిల్లను మూసెయ్యమన్నాను. నన్ను నమ్మి చీటీ రాయని మనిషి ఆ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, రాసుకో," అన్నాను. "ఒకటి, అతను చెప్పాడు. రెండు, నేను రాశాను. మూడు, అధ్యక్షులు కొట్టేశారు. నాలుగు, నేను చదవకుండా ఒప్పుకున్నాను. ఇదే వరుసలో అధికారికి వెళ్ళాలి. చరిత్ర మొత్తం జతపరచు."

"మీ సంగతి కూడా పెట్టాలాండీ?" అని అడిగింది.

"నా సంగతి లేకపోతే అది చాడీ అవుతుంది, వృత్తాంతం కాదు."

డాక్టరు తలుపు దడాలున వేసి వెళ్ళిపోయాడు. ఐదంతస్తులూ ఎక్కుతున్న చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించింది. మా కోడలు టైపు చేసి నా ముందు పెట్టింది. ఈసారి ప్రతి అక్షరం చదివాను, రెండుసార్లు చదివాను. ఐదు గంటల ఇరవై నిమిషాలకు పత్రం వెళ్ళింది.

మెకానిక్ నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. కృతజ్ఞతలు చెబుతాడనుకున్న నా మూర్ఖత్వాన్ని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

"ముందే చదివుంటే ఆ మాట పుటలో నిలిచేది, లిఫ్టు ఆగేది, ఆ అమ్మ కాలు మిగిలేదండీ," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మెట్లెక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగాను. మా కోడలు కూడా ఆగింది.

"కోపం వచ్చిందా మామయ్యగారూ?"

"వచ్చింది."

"నా మీదా?"

"ఎవరి మీద ఎంతో ఇంకా తేలలేదు. ముందు నడు."

తొమ్మిదో రోజున అధికారి నుంచి జవాబు వచ్చింది. మెకానిక్ లైసెన్సు నిలిచింది. ప్రమాదానికి సంఘమే బాధ్యత వహించాలనీ, అధ్యక్షుడూ కార్యదర్శీ ఆ పదవుల్లో కొనసాగరాదనీ తీర్పు. డాక్టరు దాని మీద అప్పీలు చేస్తానంటున్నాడు. నేను చేయను. కొత్త తాడు వేసిన రోజున మెకానిక్ ఒక చీటీ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కోడిగీతలు కావు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "చదివి, అందిందని సంతకం పెట్టండి" అన్నాడు. నేను చదువుతున్నంతసేపూ నా కళ్ళు ఏ పంక్తి మీద ఉన్నాయో చూస్తూ నిలబడ్డాడు. అది అతని హక్కు. మింగడానికి నాకు చేదుగానే ఉంది.

పదవి నుంచి దిగిపోయే ముందు కార్యదర్శిగా నేను నమోదు చేయవలసిన అంశం ఒకటి మిగిలింది. దీనికి ఎవరి సూచనలూ స్వీకరించబడవు.

సదరు అత్యవసర సమావేశంలో, తన మామగారు రెండుసార్లు మూసివేయమని ఆజ్ఞాపించినప్పటికీ, ఆయన ఆగ్రహాన్నీ ఇంటి పరువునూ లక్ష్యపెట్టక, మా కోడలు పత్రచరిత్రను చివరివరకూ తెరిచి చూపినది. అందువలన నిర్దోషి అయిన ఒక పనివాని జీవనాధారం నిలిచినది. ఆమె చేసినది సరైన పని అనియు, ఆ పని చేయవలసిన బాధ్యత ఆమెది కాక నాది అనియు ఇందుమూలముగా ధ్రువీకరించి, సంతకం చేయుచున్నాను.